మూఢంలో చేసిన సర్వే

మొన్న మా వీధి చివరింటి శ్రావణి స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చింది. ఇల్లు కట్టే సామాన్ల కంపెనీలో సేల్స్ ఉద్యోగం వచ్చిందట. ‘పెద్దబాపూ, నువ్వు గూడ గీ లైన్లనే చేసినవంట గద. నాకేమన్న చెప్పు’ అని కూర్చుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు జిల్లాల్లో మా రేకులు పరవని ఊరు లేదన్నాను. పెద్ద పెద్ద కాంట్రాక్టర్లు నా బండి చప్పుడు గుర్తుపట్టేవాళ్ళన్నాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని విని, కాళ్ళకు మొక్కి వెళ్ళిపోయింది.

తలుపు వేసుకున్నాక నాకే మొహం చెల్లలేదు. మొక్కించుకునేంత పని నేనేం చేశానని? నిజంగా చెప్పవలసింది ఒక్కటీ చెప్పలేదు. అది ఎదురుగా కూర్చుని చెప్పగలిగేది కాదు కనుక రాస్తున్నాను. శ్రావణి చదివితే సరే. ఆమెలాగే కొత్తగా చేరేవాళ్ళు చదివినా సరే.

స్టూలు ఉద్యోగం

మా కంపెనీ ఇల్లు కట్టుకునేవాళ్ళకు నేరుగా ఏమీ అమ్మదు. దుకాణాలకు, కాంట్రాక్టర్లకు, కోళ్ల ఫారాలకు, జిన్నింగ్ మిల్లులకు అమ్ముతుంది. రేకులు, గోడ పుట్టీ, టైల్స్ అతికించే పొడి, కప్పు ఉరవకుండా పూసే మందు. అంటే ఇల్లు కట్టడంలో చివరి అంకం మాది. సిమెంటు, ఇనుము వాళ్ళు పునాది దగ్గరే పరిచయమవుతారు. మేము సున్నం వేసేవాడికి కొంచెం ముందొస్తాం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అమ్మడమంటే మాట్లాడటమనుకున్నాను. గొంతు ఎండేదాకా మాట్లాడేవాణ్ణి. కొన్నేళ్ళకు తెలిసింది, ఈ పనిలో మాట కంటే పీట ముఖ్యం. దుకాణంలో ఒక మూల స్టూలు వేయించుకుని పూటంతా కూర్చోవాలి. ఎవరొస్తున్నారు, ఏమడుగుతున్నారు, మేస్త్రీ చెప్పి పంపాడా, ఇంటావిడ చెప్పి పంపిందా, సామాను ట్రాక్టర్‌లో పోతోందా, ఆటోలో పోతోందా. అదంతా చూడాలి. నేను చూశాను. అయితే చూసింది నోరు తెరిచి చెప్పాల్సిన చోట చెప్పలేదు. అక్కడికి వస్తాను.

ముక్కలు

సెగ్మెంటేషన్ అనే మాట మొదటిసారి విన్నప్పుడు సిమెంటుకు చుట్టమేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. కొనేవాళ్ళందరినీ ఒక్కలాగే చూడకుండా, వాళ్ళ అవసరాలను బట్టి వర్గాలుగా విడదీసి, ఏ వర్గానికి ఏం ఇవ్వాలి, ఎవరి దగ్గరికి ఎన్నిసార్లు పోవాలి అని తేల్చుకోవడం. మంచి పనే. కూరగాయల బండివాడు కూడా చేస్తాడు. మేము మాత్రం ఏసీ గదిలో తెర మీద చేస్తాం.

భూపాలపల్లిలో సమ్మిరెడ్డి అనే కాంట్రాక్టర్ ఉండేవాడు. క్వార్టర్ల మరమ్మతు పనులు చేసేవాడు. ఎప్పుడు పోయినా అన్నిటికంటే చౌకది చూపించమనేవాడు. నేను అతణ్ణి ‘చౌక’ వర్గంలో వేసి, మా ఖరీదైన కప్పు మందు సంగతే ఎత్తలేదు. ఒకసారి అతని ఇంటికి పోతే, డాబా మీద సరిగ్గా ఆ మందే పూయిస్తున్నాడు. హనుమకొండ నుంచి తెప్పించాడట. డబ్బా తిప్పి చూస్తే మా కంపెనీ పేరే.

అతను నవ్వాడు. ‘ఆడ టెండర్ల ఏది రాస్తే గదే ఏస్త. గీడ నేను పండుకుంట’ అన్నాడు.

మనిషి ఒక్కడే, కొనే సందర్భాలు రెండు. మనుషులను విడదీయకండి, సందర్భాలను విడదీయండి. ఈ ఒక్క వాక్యం ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే హనుమకొండ దుకాణం వాడికి అంత మేలు చేసేవాణ్ణి కాదు.

గార్లలో ఇంకో పాఠం. దగ్గరి తండా నుంచి ఒక జంట రేకులు చూడటానికి దుకాణానికి వచ్చింది. నేను భర్తను పక్కకు కూర్చోబెట్టుకుని రేకు మందం, పూత, గ్యారంటీ అన్నీ వివరించాను. ఆవిడ వెంట వచ్చిన అక్కతో వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుకుంటోంది. నేనటు చూడనే లేదు. అంతా విన్నాక అతను మర్యాదగా అన్నాడు, ‘సార్, నాకు చెప్పి ఏం ఫాయిద? నేను పనికి బొంబాయి పోత. ఇంట్ల ఉండేది ఆమె.’ అప్పుడు ఆవిడ అడిగింది ఒకే ప్రశ్న. వాన పడితే రేకు చప్పుడు ఎట్లా ఉంటుంది అని. మా పుస్తకంలో గ్యారంటీ ఉంది, చప్పుడు లేదు. నేను ఊరికే పేజీలు తిప్పాను. ఆవిడ, అక్క మొహాలు చూసుకుని ఏదో అనుకుని నవ్వుకున్నారు. ఆ భాష రాకపోవడం ఆ పూటకు నా అదృష్టం.

ఇవి చిన్న సిగ్గులు. చాయ్‌తో పాటు దిగిపోతాయి. దిగనిది ఇంకొకటి ఉంది.

నా నోరు

దానికి ముందు నా నోటి సంగతి చెప్పాలి. నేను పుట్టి పెరిగింది కొడకండ్ల దగ్గర. హైదరాబాద్ ఆఫీసులో నా మొదటి మీటింగులో, ‘గా దుకాణంల మాల్ మస్తు పోతది సార్, జర ఎక్కువ పంపుండ్రి’ అన్నాను. అటువైపు కూర్చున్న ఒకతను నా మాటను అదే యాసలో సాగదీసి తిరిగి అన్నాడు, సినిమాలో జోకర్ అన్నట్టు. గది మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని.

ఆ తర్వాత మీటింగుల్లో నేను మాట్లాడే భాష మా అవ్వ వింటే నన్ను గుర్తుపట్టేది కాదు. సగం ఇంగ్లీషు, సగం పుస్తకం. ఊరివాడిలా కనబడే మాట ఏదీ నోట్లోంచి రాకుండా కాపలా కాసుకునేవాణ్ణి. సేల్స్‌వాడిగా నా పని వస్తువును అమ్మడం. నేను నా ఊరిని దాచడంలో ఎక్కువ కష్టపడ్డాను.

ప్రసాద్ గారు మా బాస్‌గా వచ్చేనాటికి ఆ నవ్విన మనిషి వెళ్ళిపోయాడు కూడా. ప్రసాద్ గారిది కోస్తా. నెమ్మదైన మనిషి, చదువుకున్నవాడు, ఎవరినీ ఎగతాళి చేయగా నేను చూడలేదు. అయినా ఆయన ముందు నా కాపలా నేను కాసుకుంటూనే ఉన్నాను.

సర్వే

ఒక ఏడు ఆయన అన్ని జిల్లాల్లో దుకాణాలను మూడు వర్గాలుగా విడదీయమన్నారు. మొదటి రెండు వర్గాలకు కంపెనీ నేరుగా సరుకు పంపుతుంది. మూడో వర్గం దుకాణాలు దగ్గరి పట్నంలో హోల్‌సేల్ సేటు దగ్గర తెచ్చుకోవాలి. ఆయన తీసుకున్నది అప్పుడే గడిచిన మూడు నెలల అమ్మకాలు.

ఆ మూడు నెలలు మూఢం. శుక్రుడు కనబడడు, ముహూర్తాలు లేవు. దాని తోకకు ఆషాఢం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం వివరంగా చెప్తాను. మా వైపు పల్లెల్లో రైతు కుటుంబం ఇల్లు కడితే గడప ఎత్తడానికి ముహూర్తం, గృహప్రవేశానికి ముహూర్తం. గృహప్రవేశం తేదీ ఖాయమైతేనే టైల్స్ పని, పుట్టీ పని ఉరుకులు పెడతాయి. తేదీ లేకపోతే గోడలు లేచిన ఇల్లు కూడా తలుపులు లేకుండా ఊరికే నిలబడి ఉంటుంది. మూఢం నెలల్లో నర్మెట్ట, కొడకండ్ల దుకాణాల్లో మా సరుకు కదలదు. మూఢం పోగానే శ్రావణంలో అందరి గృహప్రవేశాలూ ఒక్కసారి మీదపడి, అవే దుకాణాలు పండుగ బస్టాండులా అవుతాయి. భూపాలపల్లి పనులు టెండర్లవి, బిల్లు తేదీని బట్టి నడుస్తాయి కనుక మూఢంలోనూ ఆగవు. కాబట్టి ఆ లెక్కలో భూపాలపల్లి వెలిగిపోయింది, నర్మెట్ట ఆరిపోయింది.

ఇది నాకు తెలియదా? ఆ నెలల్లోనే జనగామలో మా సొంత ఇంటికి పునాది వేద్దామనుకుని, మూఢమని నేనే వాయిదా వేసుకున్నాను. మా ఆవిడ విజయ, నేను ఇద్దరం పంతులు దగ్గరికి పోయి శ్రావణంలో రోజు రాయించుకుని వచ్చాం. ఆ పంచాంగం కాగితం జేబులో పెట్టుకునే నేను ఆ మీటింగుకు పోయాను.

ప్రసాద్ గారు తెర మీద నర్మెట్టను చూపించి అడిగారు. ‘ఈ నర్మెట్ట, కొడకండ్ల ఎందుకండీ ఇలా పడిపోయాయి? అక్కడ ఏదైనా కారణం ఉందా?’

అందరూ నా వైపు చూశారు. మూఢం అనే మాట గొంతు దాకా వచ్చింది. అప్పట్లో సాగదీసిన ఆ యాస, ఆ నవ్వు చెవిలో వినబడ్డాయి. మార్కెట్ గురించి అడిగితే గ్రహాల గురించి చెప్తున్నాడు, పల్లెటూరి మనిషి అనుకుంటారని భయం వేసింది.

‘డిమాండ్ కొంచెం స్ట్రక్చరల్‌గా వీక్ సార్’ అన్నాను.

ఆ వాక్యానికి అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. అందరూ తలలూపారు. నర్మెట్ట, కొడకండ్ల మూడో వర్గంలో పడ్డాయి. మూఢంలో సర్వేకు ఒప్పుకున్నవాణ్ణి ఏమనాలో మీకు నేను వేరే చెప్పనక్కరలేదు.

పునాది రోజు

నర్మెట్టలో మా డీలర్ యాదగిరన్న. రైతు కుటుంబం, అతని అన్న ఊరి రాజకీయాల్లో తిరిగేవాడు, యాదగిరన్న దుకాణం పెట్టుకున్నాడు. ఆ చుట్టుపక్కల మేస్త్రీలను కూర్చోబెట్టి, టైల్స్‌కు సిమెంటు కాదు, మా పొడి వాడాలని ఒప్పించింది అతనే. నేను పోతే చెప్పకుండానే స్టూలు జరిపేవాడు. నాకంటే పెద్దవాడు, నన్ను ‘తమ్మీ’ అనేవాడు.

అతనికి ఈ విషయం నేనే పోయి చెప్పాలి. ఇవాళ, రేపు అని జరిపాను. పునాది పూజ అయ్యాక నిమ్మళంగా చెబుదామనుకున్నాను. పూజకు డీలర్లందరినీ పిలిచాను, జనగామ హోల్‌సేల్ సేటును కూడా పిలిచాను. ఇద్దరూ ఒక్క షామియానా కింద పక్కపక్కన కూర్చుంటారని మాత్రం ఆలోచించలేదు.

పంతులు మంత్రాలు చదువుతున్నాడు. నేను పట్టుపంచె కట్టుకుని గుంతలో నవధాన్యాలు వేస్తున్నాను. వెనక సేటు గొంతు వినబడుతోంది. ఇక నుంచి సరుకు కోసం కంపెనీకి ఫోన్ చేయాల్సిన పని లేదనీ, తన గోదాముకే రావచ్చనీ యాదగిరన్నకు ఎంతో ప్రేమగా చెబుతున్నాడు. నేను వెనక్కి తిరగలేదు. చేతిలో ధాన్యం అయిపోయినా ఇంకా వేస్తున్నట్టే చేయి ఊపుతున్నాను. పంతులు ఆపమనేదాకా ఊపాను.

యాదగిరన్న భోజనం దగ్గర కూర్చోలేదు. గుంత దాకా వచ్చి నిలబడ్డాడు.

‘మంచి ముహూర్తం పెట్టుకున్నవ్ సార్’ అన్నాడు. అతని నోట సార్ అనే మాట నాకు కొత్త. ‘మూఢం పోయేదాక ఆగినవ్. పద్ధతి ప్రకారం చేసినవ్.’

నేను చేతికి అంటిన మట్టి దులుపుకున్నాను.

‘మరి నా దుకాణం కాడికి వచ్చేటాలకు మూఢం యాదికి రాలేదా?’

చుట్టూ వినేవాళ్ళు ఉన్నారని అతను గొంతు పెంచలేదు. నన్ను పక్కకు తీసుకుపోయి చెప్పాడు. శ్రావణంలో గృహప్రవేశాలన్నీ అతని చేతిలో ఉన్నాయి. మేస్త్రీలకు మాట ఇచ్చాడు. సేటు తన గిరాకీ తీర్చుకున్నాకే అతనికి సరుకు ఇస్తాడు. సమయానికి అందకపోతే మేస్త్రీలు జనగామ దారి నేర్చుకుంటారు, ఒకసారి నేర్చుకుంటే మళ్ళీ నర్మెట్టలో ఆగరు. ‘నీ పెద్దసార్‌కు ఒక్క మాట చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. గీ సీజన్ పోతే నా దుకాణం పోయినట్టే’ అన్నాడు.

రేపే చెప్తానన్నాను.

రేపు

మర్నాడు ఫోన్ తీసుకుని, పెట్టేశాను. ఫోన్లో మూఢమంటే నవ్వుతారేమో, మెయిల్ రాస్తే గౌరవంగా ఉంటుందనుకున్నాను. మెయిల్ ముందు కూర్చుంటే మూఢానికి ఇంగ్లీషు తెలియలేదు. వెతికితే గ్రహం సూర్యుడికి దగ్గరై మండిపోవడమని ఏదో దొరికింది. అది రాస్తే ఎక్కడో ఫ్యాక్టరీ అంటుకుందనుకుంటారు. కొట్టేశాను. మళ్ళీ రాశాను. నెలవారీ మీటింగులో ఎదురుగానే చెబుదాం అని లాప్‌టాప్ మూశాను. మీరు నవ్వుకోవచ్చు. నేను మాటలు సరిచేసుకుంటున్న ఆ రోజుల్లో యాదగిరన్న సేటు గోదాము ముందు ఆటో పెట్టుకుని నిలబడుతున్నాడు.

చివరికి మీటింగు అయ్యాక ప్రసాద్ గారి గదికి పోయి, తల వంచుకుని, తెలుగులోనే చెప్పాను. మా వైపు జనానికి కొన్ని నమ్మకాలుంటాయి సార్ అని మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే ఆపారు.

‘మూఢమా? అయ్యో, మా ఊళ్ళో మాత్రం మూఢంలో శుభకార్యాలు చేస్తారా అండీ? మా చెల్లెలి గృహప్రవేశం కూడా ఈ మూఢం వల్లే ఆగింది. ఇక్కడ కూర్చుని లెక్కలు చూస్తే నాకు తట్టలేదు, అది నా తప్పే. కానీ నేను ఆ రోజు మిమ్మల్ని అడిగాను కదా. ఈ ముక్క అప్పుడే అనొచ్చుగా?’

అనొచ్చు. నవ్వుతారని నేను దాచుకున్న మాట ఆయన ఇంట్లోనూ ఉంది. ఆయన నవ్వడానికి సిద్ధంగా లేరు. ఎప్పుడో వెళ్ళిపోయిన మనిషి నవ్వును నేను ఆయన మొహానికి తగిలించి, దానికి భయపడి, ఒక దుకాణాన్ని బలిపెట్టాను.

ఆయన సేటుతో మాట్లాడారు. కంపెనీ అతనితో ఒప్పందం ఏడాది చివరిదాకా రాసుకున్నది, కదలదు. శ్రావణం గడిచిపోయింది. సేటు ముందు తన గిరాకీనే తీర్చుకున్నాడు, అందులో అతని తప్పేమీ లేదు, వ్యాపారం. నర్మెట్ట మేస్త్రీలు జనగామ దారి నేర్చుకున్నారు.

ఇక అసలు సిగ్గుపడాల్సింది ఇప్పుడు చెప్తాను. మరుసటి ఏడు నుంచి కంపెనీ దుకాణాలను ముహూర్తాల క్యాలెండర్ చూసి విడదీయడం మొదలుపెట్టింది. పద్ధతి బాగా పనిచేసింది. ఆలోచన ఎవరిదంటే నాదన్నారు. కొత్తవాళ్ళకు శిక్షణ ఇవ్వమని నన్ను పంపేవారు. నేను తెర ముందు నిలబడి, ‘మీ ఇంటికి మూఢం చూసుకుంటారు, మరి దుకాణానికి చూడరా?’ అని అడిగేవాణ్ణి, నాకే తట్టినట్టు. చప్పట్లు కొట్టేవారు. ఒక్కసారి కూడా యాదగిరన్న పేరు చెప్పలేదు. ఆ పేరు చెబితే మిగతాది కూడా చెప్పాలి కదా. వర్గీకరణలో నేను సంపాదించిన పేరు మొత్తం అతని దగ్గర ఎత్తుకొచ్చిన ఆ ఒక్క మాట మీద నిలబడింది.

నర్మెట్ట

ఏడాది చివర యాదగిరన్న దుకాణాన్ని మొదటి వర్గంలో పెడుతూ కంపెనీ కాగితం ఇచ్చింది. ప్రసాద్ గారే పట్టుబట్టి ఇప్పించారు. నేను అది పట్టుకుని నర్మెట్ట పోయాను. దుకాణంలో ఒకప్పుడు మా సరుకు ఉండే ముందు భాగంలో నీళ్ళ మోటార్లు, పైపులు. వెనక మూలలో వేరే కంపెనీ రేకులు కొన్ని. అతను నన్ను చూసి లేచాడు, స్టూలు జరిపాడు, చాయ్ చెప్పాడు. ఏమీ జరగనట్టే వానల గురించి, పత్తి గురించి మాట్లాడాడు. అలా మాట్లాడకుండా నాలుగు తిట్టినా బాగుండేది.

కాగితం ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. మడతలు చెదరకుండా మళ్ళీ మడిచి నా చేతికిచ్చాడు.

‘వద్దు సార్. ఈ రేకులోళ్ళకు మాట ఇచ్చిన. చిన్న కంపెనీ, గని మాట మీద ఉంటరు.’

ఈసారి అలా జరగదన్నాను. నేరుగా సరుకు వస్తుందన్నాను. నేనే దగ్గరుండి చూస్తానన్నాను.

‘నీ మీద కోపం లేదు’ అన్నాడు. ‘రాత్రంత కూసోని ఆలోచన చేసిన గప్పుడు. నువ్వు నాకు చెడు చెయ్యాలని చెయ్యలె. నీకు నువ్వు చిన్నగ కనబడొద్దనుకున్నవ్, గంతే. గందుకు నేను చిన్నగైన.’

చాయ్ తాగలేక, వదిలేయలేక గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. లేచేటప్పుడు అతను బయటిదాకా వచ్చాడు.

‘కంపెనీ తరఫున ఇగ రాకు తమ్మీ. రిటైర్ అయినంక రా. నీ తరఫున రా, చాయ్ తాగి పో.’

శ్రావణీ, నీకు నేను చెప్పగలిగింది ఇదే. నువ్వు తిరిగే ఊళ్ళలో నీకు తెలిసింది ఏదైనా, అది ఎంత నాటుగా అనిపించినా, అడిగిన రోజే, అడిగిన చోటే, నీకు వచ్చిన భాషలో చెప్పెయ్. నవ్వేవాళ్ళు నవ్వుతారు. నవ్వుకు ఎవరి దుకాణమూ మూతపడదు.

నేను రిటైరై చాలా కాలమైంది. యాదగిరన్న ఉన్నాడు, పొద్దంతా దుకాణంలోనే కూర్చుంటున్నాడని అటు నుంచి వచ్చినవాళ్ళు చెబుతారు. జనగామ నుంచి నర్మెట్టకు బస్సులకు కరువు లేదు. ఇప్పుడు నాకు కంపెనీ తరఫు లేదు, నా తరఫు ఒక్కటే మిగిలింది. ఆ తరఫున పోవడానికే ఇంకా ధైర్యం చాలడం లేదు.